కుక్క నోట్లోంచి బయటపడ్డ మా డేగపుంజు

తణుకు దగ్గర పల్లెటూరు మాది. పెరట్లో కొన్ని నాటుకోళ్లు ఉన్నాయి, వాటన్నిటికీ పెద్ద మా డేగపుంజు, అంటే ఎర్ర ఈకల పుంజు. పందేల పుంజు కాదు, ఇంటి పుంజే. మొన్న కార్తీకమాసంలో ఒక సాయంత్రం గడ్డిమేటు వెనక వీధికుక్క దాన్ని కరుచుకుంది. మా ఆయన కర్ర తీసుకుని అరుస్తూ పరిగెడితే వదిలేసి పోయింది కానీ, అప్పటికే వీపు మీద చర్మం చిరిగింది, తోక ఈకలు సగం ఊడిపోయాయి. తల మీది ఎర్రటి జుట్టు కాస్తా తెల్లగా పాలిపోయింది.

చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "ఇంకేం బతుకుతుందమ్మా, కోసెయ్యండి" అని. కానీ అది కళ్లు తెరిచి చూస్తోంది, మెడ నిలబెడుతోంది. అలాంటి ప్రాణాన్ని వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

ఆ రాత్రి మందుల కన్నా వెచ్చదనమే ముఖ్యం అనుకున్నాను. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది. దెబ్బ తిని రక్తం పోతే అది చల్లబడిపోతుంది. రక్తం కారుతున్న చోట శుభ్రమైన నూలుగుడ్డ పెట్టి, ఆగేదాకా అదిమి పట్టుకున్నాను. తర్వాత అట్టపెట్టెలో పాత పంచె పరిచి పడుకోబెట్టి, ఒక పక్కన పైనుంచి 60 వాట్ల బల్బు వేలాడదీశాం. వేడి ఎక్కువైతే రెండో పక్కకి జరగడానికి చోటు ఉంచాం. ఊక వేద్దామంది మా అత్తయ్య, కానీ పచ్చిపుండుకి ఊక అంటుకుంటే తియ్యడం నరకం.

నీళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. నోరు తెరిచి పొయ్యకూడదు. కోడికి గాలి వెళ్లే రంధ్రం నాలుక వెనకే ఉంటుంది, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బెల్లం, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు చెంచాతో ముక్కు అంచున ఒక్కో చుక్కా పెడితే అదే మింగింది.

తెల్లారగానే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. బండి లేనివాళ్లు 1962కి ఫోన్ చేసి అడగొచ్చు, సంచార పశువైద్య వాహనాల నంబరు మన రెండు రాష్ట్రాల్లోనూ అదే. డాక్టరుగారు ముందు పుండు చుట్టూ ఈకలు కత్తిరించారు. పైకి కనిపించే చిరుగు కన్నా ఆయనకి తొడ మీదున్న చిన్న చిన్న పంటిగాట్లే ఎక్కువ అనుమానం. బయట కంది గింజంత కన్నమే ఉన్నా లోపల కండ నలిగి చీము పట్టేది అక్కడేనట. సెలైన్‌తో లోపలికంటా కడిగారు. కుక్కకాటు కాబట్టి చీము లోపలే ఉండిపోతుందని కుట్లు వెయ్యలేదు. రెక్క కింద చర్మం ఉబ్బి, నొక్కితే చిటచిటమంటుంటే నాకు టెన్షన్ వచ్చేసింది. లోపల గాలిసంచికి దెబ్బ తగిలి చర్మం కిందికి గాలి చేరిందని, ఊపిరి ఇబ్బంది లేదు కాబట్టి దానంతటదే తగ్గుతుందని చెప్పారు. అలాగే తగ్గింది. యాంటీబయాటిక్, నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారు. మనుషుల మాత్రలు ఏవీ వెయ్యొద్దని, మాంసంలో మందు మిగిలి ఉంటుంది కాబట్టి మందులు ఆపాక కూడా ఆయన చెప్పేవరకు దాన్ని కొయ్యొద్దని గట్టిగా చెప్పి పంపారు.

ఇంటి దగ్గర రోజూ సెలైన్‌తో కడిగి, నీళ్లు కలిపి పల్చగా చేసిన బెటాడిన్ అద్దడం నా పని. అసలు భయం ఈగలది. ఒక్క ఈగ వాలి గుడ్లు పెట్టిందంటే పురుగు పట్టేస్తుంది. అందుకే దాన్ని గంపలోకి మార్చి, పైన పాత దోమతెర కప్పి చుట్టూ బిగించాం.

మొదట్లో రెట్ట ఆకుపచ్చగా, నీళ్లలా వేసేది. తిండి లేక పైత్యమే దిగుతోందన్నమాట. ఉడికించిన గుడ్డు పచ్చసొన, నానబెట్టిన నూకలు, కాస్త చోడిపిండి (రాగిపిండి) చేత్తో పెడితే మెల్లగా అలవాటుపడింది. రెట్ట గట్టిపడి పైన తెల్లటి టోపీ కనిపించిన పొద్దున నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత కొన్నాళ్లకి గంపలోంచే కూత పెట్టింది. మా అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది!

పుండు మానడం ఒక ఎత్తు, మందలో కలపడం ఇంకో ఎత్తు. ఇది లేనన్నాళ్లూ నల్ల ఈకల కుర్ర కాకిపుంజు పెత్తనం చేసింది. పుండు ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్లు పొడిచి పొడిచి చంపేస్తాయి, కాబట్టి చర్మం పూర్తిగా కట్టుకునేదాకా వదల్లేదు. ఆ తర్వాత కూడా మధ్యలో ఇనప వల కట్టి, ఒకదానికొకటి కనబడేలా కొన్నాళ్లు పక్కపక్కనే మేపాం. చివరికి చీకటి పడ్డాక తీసుకెళ్లి కర్ర మీద వాటి పక్కన కూర్చోబెట్టాను. పొద్దున డేగ, కాకి రెండూ మెడ ఈకలు రిక్కించి కాసేపు ఎగిరాయి, డేగే వెనక్కి తగ్గింది. ఇప్పుడు రెండు పెట్టల్ని వెంటేసుకుని పశువుల పాక వైపు తిరుగుతోంది. కుక్క పీకిన తోక ఈకలు కొత్తగా వచ్చేశాయి, డాక్టరుగారు కత్తిరించినవి మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి. ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా అవి అంతే.