కోల్చిసిన్ తెల్లకణాల్లో చేసే పని

నాన్నకు గౌట్ అనే కీళ్ల జబ్బు. కాలి బొటనవేలు వాచినప్పుడు దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. డాక్టరు గారు రాసిన కోల్చిసిన్‌తో ఆ వాపు తగ్గుతుంటే, అంత చిన్న మాత్ర లోపల ఏం చేస్తుందో చదవకుండా ఉండలేకపోయాను.

కీలులో పేరుకున్న యూరిక్ యాసిడ్ స్ఫటికాల మీదికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు గుంపుగా వస్తాయి. వాటి లోపల ట్యుబులిన్ అనే ప్రొటీన్‌తో కట్టిన సన్నని గొట్టాలుంటాయి, మైక్రోట్యూబ్యూల్స్. కణంలో సరుకు మోసే రైలు పట్టాల్లాంటివి. కోల్చిసిన్ ట్యుబులిన్‌ను పట్టుకుని కొత్త పట్టాలు పడనివ్వదు. దాంతో కణాల కదలిక మందగిస్తుంది, మంటను రాజేసే ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రొటీన్ల గుంపు కూడా సరిగ్గా తయారవదు. యూరిక్ యాసిడ్ మాత్రం దీనితో తగ్గదు, దానికి వేరే మందు.

ఇదే పదార్థం మన అడవినాభి దుంపలోనూ ఉంది. తింటే ప్రాణం పోయేంత విషం! మోతాదు దాటితే పేగుల్లో, ఎముక మజ్జలో కణాల విభజన ఆగిపోతుంది. అందుకే నొప్పి ఎక్కువైందని ఇంకో మాత్ర వేసుకుంటానంటే నాన్న మాట అస్సలు వినను. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిస్తే మరీ ప్రమాదం. ఇప్పుడు దగ్గుకు వెళ్లినా సరే, డాక్టరుకు ముందు ఈ మాత్ర పేరే చెబుతున్నాం.