మా జట్టులోని అస్థిపంజరం

నౌపడా–గుణుపురం చిన్న రైలు 2004లో ఆగిపోయి, పెద్ద లైను పనులు ఇంకా సాగుతున్న ఆ రోజుల్లో పర్లాకిమిడిలో మనతో చదివినవారికి, హాస్టలు వెనక వరండాలో సుద్దముక్కతో గళ్లు గీసుకుని మేము కొందరం ఆడిన ఆట గుర్తుండే ఉంటుంది. దాన్ని కొత్తరకం తొక్కుడుబిళ్ల అనుకున్నవారే ఎక్కువ. అది 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో వెలువరించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్, ఒకరు కథ నడిపిస్తుంటే తక్కినవారు తలో పాత్రగా మారి సాహసాలు చేసే ఆట. ఉచితంగా దొరికే 3.5 ఎడిషన్ నియమాలను మా సీనియర్ ఒకాయన బరంపురంలో ప్రింటు తీయించి తెచ్చాడు. పాత్ర తలపెట్టిన పని ఫలించిందో లేదో తేల్చే ఇరవై ముఖాల పాచిక మాకెక్కడా దొరకలేదు కనుక 1 నుంచి 20 దాకా రాసిన చీటీలను పౌడరు డబ్బాలో వేసి తీసేవాళ్లం. 20 అంకె ఉన్న చీటీ చేతులు మారి మారి మెత్తబడి, కళ్లు మూసుకున్నా వేలికి తెలిసిపోతుండటంతో చీటీలన్నీ మళ్లీ కత్తిరించాల్సి వచ్చింది.

తక్కినవారు ఎల్ఫ్, డ్వార్ఫ్ వంటి జాతులను ఎంచుకుంటే నేను అన్‌డెడ్, అంటే చచ్చి లేచి తిరిగే జాతి, కావాలని పట్టుబట్టాను. ఆ నియమాల్లోని మామూలు అస్థిపంజరానికి బుద్ధి ఉండదు. ఎవరో లేపితే లేచి, చెప్పిన పని చేస్తుంది. ఆట నడిపే సీనియర్ నాకు ఒక లెవెల్, అంటే పాత్ర బలంలో ఒక మెట్టు, కోసేసి, ఆలోచించగల అస్థిపంజరానికి ఒప్పుకున్నాడు. బేతాళ కథలు చదివి పెరిగిన మాకు శవం మాట్లాడటం వింత కాదు. అది ఎవరి పక్షాన ఉంటుందన్నదే అందరి అనుమానం.

కాగితం మీద చూస్తే అన్‌డెడ్ జాతికి అన్నీ లాభాలే. విషం ఎక్కదు, రోగం రాదు, నిద్రమంత్రం పనిచేయదు, ఆకలీ ఊపిరీ అక్కర్లేదు. అసలు కష్టం ఆడుతుంటేనే తెలుస్తుంది. ఆ ఎడిషన్‌లో ప్రాణమున్న పాత్రకు హిట్ పాయింట్లు, అంటే దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే ప్రాణబలం లెక్క, సున్నా కంటే దిగినా, మైనస్ 10కి చేరేలోగా ఎవరైనా పరుగెత్తుకొచ్చి బతికించుకోవచ్చు. అన్‌డెడ్ పాత్రకు ఆ వెసులుబాటు లేదు. సున్నా అయిందా, అక్కడికక్కడే పొడి పొడి. చావు లేని జాతి అని పేరే గాని, జట్టులో చావుకు అందరికంటే దగ్గరగా ఉన్నది నేనే.

దానికితోడు, పూజారి చేసే వైద్యమంత్రం అన్‌డెడ్‌ను బాగుచేయదు, గాయపరుస్తుంది. నాలుగు పాయింట్లతో మిగిలినప్పుడు పూజారి పాత్ర ఆడే మిత్రుడు ఆప్యాయంగా చెయ్యి చాచబోతే, "ముట్టుకున్నావంటే పోతాను బావా!" అని నేను వేసిన కేకకు మెస్ వంటాయన గరిటతో సహా బయటికొచ్చాడు. నాకు పనికొచ్చేది శత్రువును గాయపరిచే మంత్రమే, అన్‌డెడ్‌కు అదే మందు. మంచి దేవుణ్ణి కొలిచే పూజారి వైద్యాన్ని అప్పటికప్పుడు చేయగలడు గాని, ఆ మంత్రాన్ని మాత్రం పొద్దున్నే సిద్ధం చేసుకుని ఉంచుకోవాలి. నా కోసం అతను రోజూ తనకు అక్కరకొచ్చే ఒక మంత్రాన్ని వదులుకునేవాడు. ఆటలో నాకు జరిగిన అంతకు మించిన మర్యాద మరొకటి లేదు.

అతనే ఒకసారి నన్ను తరిమేశాడు కూడా. శ్మశానంలో పిశాచాలు చుట్టుముట్టినప్పుడు దేవుడి గుర్తు ఎత్తి పట్టి అన్‌డెడ్‌ను పారదోలే శక్తిని వాడాడు. 60 అడుగులలోపు, అంటే మా లెక్కన పన్నెండు గళ్లలోపు ఉన్నవాటిలో దగ్గరివాటికే అది ముందుగా తగులుతుందని నియమం. అందరికంటే దగ్గరగా, అతని భుజం పక్కనే నిలబడి ఉన్నది నేను. సొంత జట్టును వదిలి పది రౌండ్లు, అంటే అందరి వంతులూ పదిసార్లు తిరిగేదాకా, పారిపోయాను. అడ్డుగోడ పూర్తిగా ఉంటే శక్తి తగలదు కనుక, ఆ తర్వాత ఏ గదిలోకి వెళ్లినా ముందు స్తంభం ఎక్కడుందో చూసుకునేవాణ్ణి.

నిద్ర లేదు కనుక రాత్రి కాపలా ఎప్పుడూ నాదే. అందరూ పడుకున్నాక ఏం చేస్తున్నావని సీనియర్ అడిగేవాడు, ఏదో ఒకటి చెప్పక తప్పేది కాదు. అలా చెబుతూ చెబుతూ నా అస్థిపంజరం బతికున్నప్పుడు కొమ్ముతో బొమ్మలు చెక్కే పనివాడని తేల్చాను. మన ఊరి పని మరి, ఇంకెక్కడికి పోతుంది! ఎవరి పేరూ గుర్తులేదు గాని, కొమ్ము చేతికిస్తే ఇప్పటికీ కొంగ మెడ వంపు సరిగ్గా తిప్పగలడు. కత్తియుద్ధాలన్నీ మరిచిపోయినవారు కూడా ఈ కొంగను తలుచుకుంటారు.

అదే ఆటలో 2021లో వచ్చిన రీబార్న్ అనే వంశంలో పాత్ర చచ్చి లేచినదే అయినా, నియమాల ప్రకారం మనిషి కిందే లెక్క. వైద్యం పనిచేస్తుంది, పారదోలే శక్తి తగలదు, పూర్వజన్మ జ్ఞాపకంగా పాచిక వేసి తేల్చే కొన్ని పనులకు ఆరు ముఖాల పాచిక అదనంగా దొరుకుతుంది. ఆ జ్ఞాపకం పద్ధతి నాకెంతో నచ్చింది, తక్కినది మరీ సుఖంగా తోచింది. మా ఇంటి పిల్లలకు ఆట నడిపేటప్పుడు, రీబార్న్ కావాలన్నవారికి వైద్యం సగమే పనిచేస్తుందని షరతు పెడుతుంటాను. గిట్టనివారు ఎల్ఫ్‌ను తీసుకుంటారు.