ఒడిశాలోని బరంపురంలో పెద్దవాళ్ల భజన బృందం: శ్రుతి ఎక్కడ తప్పుతుంది?

డెబ్బై దాటినవాళ్లు కలిసి పాడితే వచ్చే ఆనందం సరే, దానికి ముందు హార్మోనియం మెట్టు కుదరాలి. వయసుతో ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. ఒకప్పుడు 5 శ్రుతిలో (అంకె తగ్గేకొద్దీ స్థాయి కిందికి దిగుతుంది) పాడినవాళ్లకు ఇప్పుడు 4, ఒక్కోసారి 3 హాయి. పల్లవి ఎత్తుగడ చూసి శ్రుతి పెడితే మోసపోతాం. చరణంలో తారస్థాయి షడ్జం, అంటే పై 'స' దగ్గర గొంతు పగులుతుంది. కాబట్టి ముందు ఆ పంక్తి పాడించి చూడాలి. మగవాళ్లకు అదే శ్రుతి కష్టమైతే పై చరణాలు ఆడవాళ్లకు వదిలి, పల్లవి మాత్రం అందరూ అందుకోవాలి.

రెండో తంటా తాళం. నలుగురి చేతికి తాళాలిస్తే వేగం పెరిగిపోతుంది, వినికిడి తగ్గినవాళ్లకు మాటలు వినబడవు. ఒక్కరే వాయించాలి. వినికిడి యంత్రం ఉన్నవాళ్లను స్పీకరుకు దూరంగా, పాడించేవారి ముఖం కనబడేలా కూర్చోబెట్టాలి.

ఇక పాటల పుస్తకం. ఇక్కడి గంజాం, గజపతి జిల్లాల్లో తెలుగు చక్కగా మాట్లాడుతూ ఒడియా లిపి మాత్రమే చదవగలిగేవాళ్లు చాలామంది. అందుకే ఎడమ పేజీలో తెలుగు లిపి, కుడి పేజీలో అదే పాట ఒడియా లిపిలో ఉండాలి. అక్షరం 24 పాయింట్లకు తగ్గకూడదు.

చాప వద్దు, చేతుల్లేని కుర్చీలు మేలు. పాదాలు నేలకు ఆనితే ఊపిరి నిండుగా అందుతుంది. ఐదు నిమిషాలు నోరు మూసి కూనిరాగం, ఇరవై నిమిషాల పాట, గోరువెచ్చని నీళ్లు, మళ్లీ ఇరవై. దమ్ము బిగబట్టే పోటీలు మాత్రం పెట్టకండి, తల తిరుగుతుంది. కట్టుడు పళ్లు వదులైతే 'స', 'శ' జారతాయి. అప్పుడు పాట వేగం కాస్త తగ్గిస్తే చాలు.