గొడుగు కింద మేయర్

చెన్నపట్నం మొదటి మేయర్ అమెరికాలో పుట్టినవాడు అంటే మా ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు. పేరు నథానియల్ హిగ్గిన్సన్. 1652లో కనెక్టికట్‌లోని గిల్‌ఫర్డ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి జాన్ హిగ్గిన్సన్ క్రైస్తవ మతబోధకుడు, తర్వాత మసాచుసెట్స్‌లోని సేలంలో స్థిరపడ్డాడు. కొడుకు 1670లో హార్వర్డ్ పట్టా పుచ్చుకుని ఇంగ్లండు చేరాడు. అక్కడ ఒక ప్రభువు పిల్లలకు చదువు చెప్పాడు, లండన్ టవర్‌లోని టంకశాలలో కొన్నాళ్లు పనిచేశాడు, 1683లో ఈస్టిండియా కంపెనీ కొలువు మీద ఇక్కడ దిగాడు. అప్పట్లో కోటలో అతని పై అధికారి, 1687లో గవర్నరైన ఎలిహు యేల్ కూడా బోస్టన్‌లో పుట్టినవాడే. అడవి కొట్టి ఊళ్లు కడుతున్న సీమలో పుట్టిన ఇద్దరు, ఇసుక తిన్నెల మీద కొత్తగా లేస్తున్న ఇంకో ఊరి పెత్తనానికి వచ్చారన్నమాట.

నేను చరిత్రకారుణ్ణి కాను. గోవిందప్ప నాయకన్ వీధిలో దుకాణాలవాళ్లకు పన్ను లెక్కలు రాసిపెట్టే చిన్న ఆఫీసు నాది. హిగ్గిన్సన్ మీద నాకు ఆసక్తి పుట్టించింది అతని హార్వర్డ్ చదువు కాదు, అతన్ని మేయర్‌ని చేసిన కారణం. ఆ కారణం అచ్చంగా పన్నే.

అప్పటి మద్రాసు అంచున వేలాడుతున్న ఊరు. కంపెనీ ఏటా 1,200 వరహాల కౌలు కడుతూ వచ్చిన గోల్కొండ రాజ్యం 1687లో ఔరంగజేబు చేతికి చిక్కింది. రేపు ఎవరు దండెత్తి వస్తారో తెలియదు. కోట గోడలకు, కాపలాకు డబ్బు కావాలి. ఇళ్ల మీద పన్ను వేస్తే జనం ససేమిరా అన్నారు. 1686లోనైతే అంగళ్లు మూసేసి కూర్చున్నారు. ఇళ్లు కూలగొడతామని కోటవాళ్లు బెదిరించాల్సి వచ్చింది. బెదిరించి రాబట్టిన డబ్బు రెండోసారి రాదు, అది ఈ వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలుసు.

లండన్‌లోని కంపెనీ పెద్దలకూ తెలిసినట్టుంది. వాళ్లు వేసిన లెక్క ఇది: మనం పెత్తనంగా ఆరు పెన్నీలు అడిగితే ఇవ్వనివాళ్లు, తమ పన్ను తామే వేసుకునేట్టయితే ఐదు షిల్లింగులు సంతోషంగా ఇస్తారు. షిల్లింగుకు 12 పెన్నీలు, ఐదు షిల్లింగులంటే 60. పది రెట్లు! ఇంత ధీమాగా రాబడి అంచనా వేసిన కాగితం నా బల్ల మీదికి వచ్చి ఉంటే ఎర్ర సిరాతో గీత గీసి వెనక్కి పంపేవాణ్ణి. కాని వాళ్లు 1687 డిసెంబరు 30న ఈ ఊరికి కార్పొరేషన్ పెట్టమని సనదు రాయించారు. ఒక మేయర్, 12 మంది ఆల్డర్‌మెన్ అనే సభాపెద్దలు, వాళ్ల కింద 60 మందికి తగ్గకుండా బర్జెస్‌లు అనే సభ్యులు. ఊరి పన్నులు వాళ్లే వేయాలి. ఆ డబ్బుతో పురమందిరం, జైలు, ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు నేర్పే బడి కట్టాలి. మేయర్ కోర్టు కూడా వాళ్లదే. తీరా తగువు విలువ మూడు వరహాలు దాటితే పై కోర్టుకు పోవచ్చు, అంటే అసలైన తగువులన్నీ పైకే.

అధికారం పిసరంతే అయినా హంగుకు లోటు చేయలేదు. 1688 సెప్టెంబరు 29న హిగ్గిన్సన్ ప్రమాణం చేశాడు. మేయర్ ముందు బంగారు పూత పూసిన వెండి దండాలు నడవాలి. లండన్ మేయర్ లాగే ఇక్కడివాళ్లూ గుర్రాలెక్కి ఊరేగవచ్చు, గుర్రాల జీనులూ కళ్లేలూ అందరివీ ఒకే తీరున ఉండాలి. అన్నిటికన్నా నాకు నచ్చింది గొడుగు. మేయర్, ఆల్డర్‌మెన్ తమ మీద గొడుగు పట్టించుకోవచ్చని ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. ఆ రోజుల్లో గొడుగు ఎండకోసం కాదు, అంతస్తుకోసం. కొందరికే దక్కేది.

ఆ 12 మందిలో మనవాడూ ఉన్నాడు: చిన్న వెంకటాద్రి, కంపెనీ వర్తకుడు బేరి తిమ్మన్న తమ్ముడు. తిమ్మన్న పేరు ఊరి చెన్నకేశవ పెరుమాళ్ గుడితో ముడిపడి ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా గొడుగులు బయలుదేరేది ఆ గుడి నుంచే. మా వీధి మీదుగానే వెళతాయి. ఆ రోజు మా ఆఫీసులో పని సాగదు. మేడ మీది కిటికీకి ఎదురుగా, చేయి చాస్తే అందేటంత దగ్గరగా, తెల్లటి పట్టు గొడుగు అంచు కుచ్చులు ఊగుతూ పోతాయి. కింద మోసేవాళ్లు చెమటతో తడిసి ముద్దయి ఉంటారు, ఒకడు కాళ్లు మార్చుకోగానే గొడుగంతా పక్కకు ఒరిగి మళ్లీ నిలబడుతుంది. అన్న కొలిచిన దేవుడికీ గొడుగే, తమ్ముడికి కంపెనీ ఇచ్చిన గౌరవమూ గొడుగే. కంపెనీవాడికి ఈ ఊరి నాడి బాగానే అందింది.

హిగ్గిన్సన్ ఆ పదవిలో ఉన్నది కొన్ని నెలలే. 1692లో యేల్‌ను దించి అతన్నే గవర్నర్‌ని చేశారు. యేల్ తన లెక్కల గొడవ తేలక 1699 దాకా ఈ ఊళ్లోనే ఉండిపోయాడు. హిగ్గిన్సన్ హయాంలో, 1693లో, ఎగ్మూరు, పురసవాక్కం, తొండయార్‌పేట కంపెనీ చేతికి వచ్చాయి. అతను గవర్నరైన ఏడాదే అక్కడ సేలంలో మంత్రగత్తెల విచారణలు జరిగాయి. మంత్రగత్తెలని నింద పడ్డవాళ్లలో అతని సొంత సోదరి ఆన్ డాలివర్ ఉంది. తండ్రి ఆ ఊరి మతబోధకుడై ఉండి కూడా ఆమె మీదికి ఆ మాట రాకుండా ఆపలేకపోయాడు. హిగ్గిన్సన్ 1700లో లండన్ చేరి, 1708లో మశూచితో పోయాడు. తొంభై దాటిన తండ్రి పోయిందీ ఆ ఏడాదే.

పన్ను మాటకొస్తే, ఐదు షిల్లింగుల సంబరం జరగలేదు. కార్పొరేషన్ వచ్చాకా జనం పన్ను కట్టడానికి మొండికేస్తూనే ఉన్నారు. తర్వాతి శతాబ్దంలో ఊరి చుట్టూ కట్టిన గోడ ఖర్చును పన్నుగా రాబట్టాలని చూశారు, అదీ కుదరలేదు. ఆ గోడ చాలామటుకు పోయింది, వసూలు కాని పన్ను మాత్రం వాల్‌టాక్స్ రోడ్డు పేరులో ఉండిపోయింది.

మొన్న మా దగ్గరికి వచ్చే ఒక స్టీలు సామాన్ల వ్యాపారికి ఈ సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "మనవాణ్ణే కూర్చోబెట్టి మన చేతనే కట్టిద్దామనుకున్నారా? తెలివైనవాళ్లేనండీ. ఇంతకీ ఆ వెంకటాద్రి తన ఇంటికి కట్టాడా?" అని అడిగి, తన అర్ధ సంవత్సరపు ఆస్తి పన్ను కాగితం సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు. గడువు ఎప్పుడో దాటిపోయింది.