రాదెగోంద్ వయసెంత?

మా కోడలు కెనడాలోని మోంక్టన్‌లో పుట్టి పెరిగింది. ఇంట్లో ఫ్రెంచి, బయట ఇంగ్లీషు, నాతో మాత్రం "అత్తయ్యా, తిన్నారా" అనేంత తెలుగు. పుట్టింటి ఇంటిపేరు రిషార్. పెళ్లయ్యాక కూడా అదే. నేను మొదట్లో కాస్త నొచ్చుకున్న మాట నిజమే.

పోయిన చలికాలం ఐదు నెలలు వాళ్ల దగ్గరే ఉన్నాను. బయట మోకాలిలోతు మంచు, లోపల నేనూ టీవీ. ఒక సాయంత్రం కోడలు లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అత్తయ్యా, మీరు జనాభా లెక్కలు రాశారు కదా. ఇది కొంచెం చూడండి."

రాశాను. 1981లో, 1991లో. దివిసీమలో టీచర్లం ఎండలో పలకా బలపం లాగా ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. కానీ కోడలు చూపించింది 1671 నాటి లెక్క. ఊరు పోర్ట్ రాయల్, ఇప్పటి నోవా స్కోషియాలో ఉంది. అప్పుడు ఆ ప్రాంతమంతా ఫ్రెంచివాళ్ల అకేడియా. మా కోడలి తాతముత్తాతలు ఆ అకేడియన్లే. 1755లో ఇంగ్లీషువాళ్లు ఓడలెక్కించి వెళ్లగొట్టిన జనం.

సంగతేమిటంటే, వాళ్ల అమ్మమ్మ బతికున్నప్పుడు ఒక మాట అనేదట: "మన వంశంలో మొదటి ఆడమనిషి మిక్‌మాక్ పిల్ల, పేరు రాదెగోంద్." మిక్‌మాక్‌లంటే ఆ నేల అసలు మనుషులు. ఇంటర్నెట్‌లో ఎవరెవరో పెట్టిన వంశవృక్షాల్లోనూ అదే ఉంది. ఒకరు రాస్తే పదిమంది ఎక్కించుకున్నారు. ఎక్కడి నుంచి వచ్చిందని ఏ ఒక్కరూ రాయలేదు. అది నిజమో కాదో తేల్చుకోవాలని కోడలి పట్టుదల. ఆమె ఫ్రెంచి చదివి చెప్పాలి, నేను లెక్కలు కట్టాలి. అలా పని పంచుకున్నాం.

1671 లెక్క రాసింది లొరాఁ మోలాఁ అనే క్రైస్తవ సన్యాసి. పడవలో, కాలినడకన తిరిగి సుమారు నాలుగు వందల మంది వివరాలు రాసుకున్నాడు పాపం. పియెర్ మెలాన్సోఁ అనే దర్జీ వయసూ చెప్పలేదు, పశువులూ చెప్పలేదు. పైగా అతని భార్య, ఇలాంటివాటి కోసం వీధులు పట్టుకు తిరుగుతున్నావు, నీకేమైనా పిచ్చా అన్నట్టు అడిగిందట. ఆయన ఆ మాట కూడా రాసేశాడు! ఎతియెన్ రొబిషో అయితే ఇంట్లోంచి బయటికి వెళ్లిపోతూ, చెప్పనని చెప్పు అని పెళ్లానికి పురమాయించాడు. పీపాలు చేసే పియెర్ లానూ, నా ఒంట్లో బాగానే ఉంది, వయసు మాత్రం చెప్పను అని కబురు పంపాడు. నాకు నవ్వాగలేదు. ఒక పెద్దాయన నన్ను అరుగు మీద గంట కూర్చోబెట్టి "పొలం సంగతి అడక్కు" అన్న రోజు గుర్తొచ్చింది. మూడు వందల ఏళ్ల కిందటి ఎన్యూమరేటర్ మీద ఆ క్షణం నుంచి నాకు గురి కుదిరింది. దొరకని జవాబును దొరకలేదని రాసినవాడు, దొరికినదాన్ని కల్పించి ఉండడు.

మేం వెతుకుతున్న ఇల్లు ఇలా ఉంది. జాఁ బ్లాంషార్, సేద్యం, 60 ఏళ్లు. భార్య రాదెగోంద్ లాంబేర్, 42. పిల్లలు ఆరుగురు: పెళ్లయినవాళ్లు కొడుకు మార్తాఁ 24, కూతుళ్లు మదలెన్ 28, ఆన్ 26. పెళ్లికానివాళ్లు గియోం 21, బెర్నార్ 18, మారీ 15. పశువులు 12, గొర్రెలు 9, సాగులో ఉన్న నేల 5 అర్పాఁలు.

రాదెగోంద్ బ్లాంషార్ అని కాకుండా రాదెగోంద్ లాంబేర్ అని ఎందుకుందని అడిగాను. అకేడియా లెక్కల్లో పెళ్లయిన ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే రాస్తారట. "అందుకే దొరికింది అత్తయ్యా" అంది కోడలు. మన పద్ధతిలో రాసి ఉంటే ఆమె బ్లాంషార్ల గుంపులో కలిసిపోయేది. మా నాయనమ్మ పుట్టింటి పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నొచ్చుకున్నది అప్పుడే మానేశాను.

మొదటి తప్పు నాదే. ఆ ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారని నోట్‌బుక్‌లో రాశాను. మర్నాడు కోడలు అదే లెక్కలో మార్తాఁ, మదలెన్, ఆన్ ముగ్గురినీ వాళ్ల వాళ్ల ఇళ్లలో మళ్లీ చూపించింది. పెళ్లయిన పిల్లల్ని మోలాఁ తండ్రి దగ్గరా రాశాడు, సొంత కాపురం దగ్గరా రాశాడు. అంటే రాదెగోంద్ ఇంట్లో ఆ రోజు అన్నం తిన్నది ఐదుగురే. గుడ్డిగా కూడితే ఊళ్లో లేని జనం పుట్టుకొస్తారు. కానీ ఈ రెండుసార్లు రాయడమే మాకు కలిసొచ్చింది. తల్లి ఇంటినుంచి కూతుళ్ల ఇళ్లకు దారి పడింది.

పెద్దకూతురు మదలెన్ ఇల్లు: భర్త మిషెల్ రిషార్, మారుపేరు సాన్‌సూసీ, అంటే చీకూచింతా లేనివాడు. 41 ఏళ్లు. మదలెన్ 28. పిల్లలు ఏడుగురు. పెద్దవాడు రెనే 14. చివర ఇద్దరు కవల ఆడపిల్లలు, ఆన్, మదలెన్, ఐదు వారాల పసికందులు. ఏడుగురు పిల్లలతో చింత లేకపోవడం భర్తకే చెల్లింది. రెండో కూతురు ఆన్ అప్పటికే విధవ. 26 ఏళ్లకు ఐదుగురు పిల్లలు, పెద్దది 12.

ఇక్కడ నేను కాగితం మీద కూడికలు మొదలుపెట్టాను. మదలెన్‌కు 28, కొడుక్కు 14. కాన్పు పద్నాలుగుకి. ఆన్‌కు 26, కూతురికి 12. అదీ పద్నాలుగే. రాదెగోంద్‌కు 42, మదలెన్‌కు 28. మళ్లీ పద్నాలుగు. పద్నాలుగు మూళ్లు నలభై రెండు. నలభై రెండేళ్లకు పన్నెండు మంది మనవలు, అందులో ఒకడికి మీసం మొలిచే వయసు.

జరగదని అనను. నా సొంత మేనత్త కాపురానికి వెళ్లింది పద్నాలుగో ఏటే. కానీ ఎక్కం అప్పజెప్పినట్టు తరం తరానికీ సరిగ్గా పద్నాలుగు వస్తే అనుమానించాలి. సరే, తర్వాతి లెక్క చూద్దామన్నాను.

1686లో న్యూ ఫ్రాన్స్ (ఉత్తర అమెరికాలో అప్పటి ఫ్రెంచి వలస రాజ్యం) నుంచి జాక్ ద మ్యూల్ అనే పెద్ద అధికారి వచ్చినప్పుడు మరో లెక్క రాయించారు. అందులో జాఁ బ్లాంషార్‌కు 75. పదిహేనేళ్లలో పదిహేనేళ్లే పెరిగాడు, బుద్ధిమంతుడు. రాదెగోంద్‌కు 65! అదే పదిహేనేళ్లలో ఈవిడకు ఇరవై మూడేళ్లు మీదపడ్డాయి. మొదటి లెక్క ప్రకారం పుట్టింది 1629 ప్రాంతం, రెండోదాని ప్రకారం 1621.

కోడలు తలపట్టుకుంది. నాకు మాత్రం ఇది సొంతిల్లు లాంటి విషయం. మా దివిసీమలో వయసు అడిగితే అంకె చెప్పేవాళ్లు ఎంతమంది? 1977 ఉప్పెన నాటికి చంకలో పిల్ల ఉందనో, ఫలానా కరణంగారు పోయిన ఏడు పెళ్లయిందనో అనేవాళ్లు. దానికి అంకె కట్టేది మేమే. కట్టినప్పుడల్లా చెయ్యి యాభై, అరవై, అరవై ఐదు మీదకే పోయేది. అందుకే 60, 75, 65 చూడగానే ఇవి ఉజ్జాయింపులని నాకు తోచింది. గుండుసున్నాలూ ఐదులూ అడిగినవాడికీ చెప్పినవాడికీ సుఖం. మరి 42? అది గుండ్రని అంకె కాదు. ఎవరో తెలిసి చెప్పినట్టుంది. లేదా 52 అన్నది రాతలో 42 అయిందేమో. 52 అయితే 1619లో పుట్టినట్టు, 1686 నాటికి 67, మనిషి 65 అని చెప్పి ఉంటుంది, అన్నీ కలుస్తాయి. ఇది నా ఊహ మాత్రమే. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాశాను.

ఒకటి మాత్రం కోడలికి గట్టిగా చెప్పాను. లెక్కల్లో ఉండేది మనిషి వయసు కాదు, ఆ రోజు గుమ్మంలో నిలబడ్డవాళ్లు చెప్పిన వయసు. రాదెగోంద్ వయసు రాదెగోందే చెప్పిందని ఏముంది? ముసలాయన చెప్పి ఉండొచ్చు. మొగుడు చెప్పే పెళ్లాం వయసు ఎంత నిజమో మనకు తెలియనిదా!

నేల సంగతి కూడా చెప్పాలి. అర్పాఁ అంటే ఎకరానికి కాస్త తక్కువ. ఐదు అర్పాఁలంటే నాలుగెకరాల పైచిలుకు. ఆరుగురు పిల్లల్ని పెంచిన ఇంటికి ఇంతేనా అనిపించింది. అల్లుడు రిషార్‌కే 14 అర్పాఁలు ఉంది. తీరా తెలిసిందేమిటంటే, అకేడియన్లు అడవి కొట్టి దున్నినవాళ్లు కాదు, సముద్రపు పోటు ముంచే ఉప్పు బురదనేలలకు మట్టితో కరకట్టలు కట్టి సాగు చేసినవాళ్లు. కట్ట అడుగున ఒక చెక్క తూము పెడతారు, అబ్వాతో అంటారు. వానమంచినీళ్లు బయటికి పోతాయి, పోటు వచ్చినప్పుడు తలుపు దానంతటదే మూసుకుని ఉప్పునీళ్లను ఆపుతుంది. రెండు మూడేళ్లు వానలకు ఉప్పు కడుక్కుపోయాక గానీ నేల పండదు. కరకట్ట పక్కన పుట్టినదాన్ని, ఐదు అర్పాఁలకు ఎంత మట్టి మోయాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ 5 అన్న అంకెను ఆ తర్వాత నేను చిన్నచూపు చూడలేదు.

అసలు ప్రశ్న మిగిలే ఉంది, మిక్‌మాకా కాదా. దానికి లెక్కల్లో జవాబు లేదు. పెళ్లి రిజిస్టరు చూద్దామంటే పోర్ట్ రాయల్ చర్చి రిజిస్టర్లు 1702 నుంచే మిగిలాయి. రాదెగోంద్ పెళ్లి అంతకు అరవై ఏళ్ల ముందు మాట. అప్పుడు కోడలు మరో కాగితం తీసింది. వెళ్లగొట్టాక ఫ్రాన్సు చేరిన అకేడియన్లలో 78 కుటుంబాలను 1765లో బెల్-ఈల్ అనే దీవిలో స్థిరపరిచారు. రెండేళ్ల తర్వాత, 1767లో, వాళ్లను కూర్చోబెట్టి వంశావళి చెప్పించి రాసుకున్నారు. మన కైఫీయతుల్లాంటివనుకోండి. అందులో జాఁ బ్లాంషార్ భార్యతో కలిసి ఫ్రాన్సు నుంచి వచ్చాడని ఉంది. హమ్మయ్య అనుకునేలోపు భార్య పేరు చూశాం: ఉగెత్ ప్వారియే!

రాదెగోంద్ ఏమైంది? రెండో పెళ్లామా? మొదటి పెళ్లామా? దీనికే నాకు వారం పట్టింది. చివరికి స్టీఫెన్ వైట్ అనే అకేడియన్ వంశచరిత్రకారుడి వివరణ కోడలు వెతికి పట్టుకుంది. రాదెగోంద్ కొడుకు గియోం భార్య పేరు ఉగెత్, ఉగెత్ గూజోఁ. ఆ ఉగెత్ తల్లి జాన్ శెబ్రాకు మొదటి భర్త ఇంటిపేరు ప్వారియే. నాలుగైదు తరాల తర్వాత, దేశం కాని దేశంలో, ముత్తవ్వ పేరు అడిగితే చెప్పినవాళ్లు చిన్నకోడలి పేరూ, ఆమె తల్లి మొదటి మొగుడి ఇంటిపేరూ కలిపి అత్తగారికి అంటగట్టారు. కోడలు నన్ను చూసి నవ్వింది. "మన పేర్లు కూడా ఇలాగే కలిపేస్తారేమో అత్తయ్యా." రాదెగోంద్ బతికుండగా రాసిన రెండు లెక్కల్లోనూ ఆమె పేరే ఉంది కాబట్టి మేం వాటినే నమ్మాం. భార్యతో ఫ్రాన్సు నుంచి వచ్చాడన్న మాట మాత్రం ఆమెదే అయి ఉండాలి.

డీఎన్ఏ మాట. కోడలు ఎప్పుడో పరీక్ష చేయించుకుంది, అందులో తేలుతుందనుకుంది. నేను వంశవృక్షం మీద వేలు పెట్టి చూస్తే, ఆమె వచ్చింది మదలెన్ కొడుకు రెనే వైపు నుంచి. తల్లి నుంచి సంతానానికి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ మగపిల్లాడితో ఆగిపోతుంది. అంటే ఆమె పరీక్షలో రాదెగోంద్ జాడ ఉండదు, డబ్బు దండగ. కూతురి కూతురి కూతురుగా తెగకుండా వచ్చినవాళ్ల పరీక్షలే పనికొస్తాయి. అలాంటివాళ్ల ఫలితాలు ఉన్నాయి: ఎక్స్2బీ అనే గుంపు. ఎక్స్ అమెరికా ఆదివాసుల్లోనూ కనిపిస్తుంది కాబట్టి మొదట్లో కొందరు రాదెగోంద్ ఆదివాసీయే అన్నారు. కానీ ఆదివాసులది ఎక్స్2ఏ కొమ్మ. ఎక్స్2బీ యూరప్ వైపుది. పుకారుకు మూలం అక్కడా కొంత ఉంది.

అమ్మమ్మ మాట అబద్ధమైపోయిందని కోడలు రెండ్రోజులు డల్‌గా ఉంది. మిక్‌మాక్ స్త్రీలను పెళ్లాడిన అకేడియన్లు ఉన్నారు, మీ వంశంలో ఇంకో కొమ్మ మీద ఎవరైనా ఉండొచ్చు, రాదెగోంద్ మాత్రం కాదు అన్నాను.

1686 లెక్కలో మేం వెతకకుండానే దొరికిన విషయం ఒకటుంది. మిషెల్ రిషార్ ఇంట్లో భార్య స్థానంలో మదలెన్ లేదు. జాన్ బాబాఁ అనే చిన్నపిల్ల ఉంది. ఆ ఐదు వారాల కవలల తల్లి ఈ మధ్యలో ఎప్పుడో పోయింది. ఎప్పుడు, ఎలా అన్నది ఏ కాగితంలోనూ లేదు. రాదెగోంద్ బతికుండగానే కూతుర్ని సాగనంపింది. విధవ ఆన్ మాత్రం పియెర్ గోదేను మళ్లీ పెళ్లాడి పచ్చగా ఉంది. గియోం 1698 ప్రాంతంలో పెటికోడియాక్ నది ఒడ్డున కొత్త ఊరికి పునాది వేశాడు. అది మా కోడలి ఇంటి దగ్గర రోజుకు రెండుసార్లు పోటెత్తే మట్టిరంగు నదే.

1693 లెక్కలో రాదెగోంద్ మాకు కనబడలేదు. నేను నోట్‌బుక్‌లో "పుట్టుక: 1619? 1621? 1629?" అని రాసి కోడలికి ఇచ్చాను. ఒక్కటే రాయమంది. నా పాస్‌పోర్టు తెచ్చి చూపించాను: పుట్టినరోజు జూలై 1. మా ఊరి హెడ్‌మాస్టరు బడిలో వేసుకున్నప్పుడు తనంతట తాను రాసింది. మా అమ్మ లెక్క ప్రకారం నేను అట్లతద్దె మర్నాడు పుట్టాను, ఏడు కూడా వేరు. కోడలు ప్రశ్నార్థకాలు మూడూ అలాగే ఉంచి, మదలెన్ కవలల కోసం 1702 రిజిస్టరు తెరిచింది.