పవర్ మిషన్ కొందామనుకుని ఓవర్‌లాక్ కొన్నాను

విజయనగరం కంటోన్మెంటులో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఉన్నది అమ్మ వాడిన నల్ల కాలి మిషనే, దానికే తర్వాత మోటారు పెట్టించుకున్నాను. చీటీ డబ్బులు చేతికి రాగానే పవర్ మిషన్, అంటే ఫ్యాక్టరీల్లో వాడే వేగమైన కుట్టు మిషన్ కొనేయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. సర్వో మోటారు, పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది కాబట్టి కరెంటు తక్కువ, కొన్ని మోడళ్లలో దారం కూడా అదే కత్తిరించేస్తుంది, నిమిషానికి నాలుగైదు వేల కుట్లు. చూసినవాళ్లకి ఎవరికైనా మనసు లాగుతుంది.

ఒక పొందూరు ఖాదీ జాకెట్టు నా ఆలోచన మార్చింది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి చేత్తో వడికిన సన్న నూలు అది, కత్తెర పడిన చోటల్లా పోగులు లేచిపోతాయి. ఎండాకాలమని కుట్టించుకున్నావిడ లైనింగ్ వద్దన్నారు. నేను లోపలి అంచుల్ని జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించి ఇచ్చేశాను. చంక దగ్గర పోగులన్నీ ఊడి కుట్టు దాకా వచ్చేశాక ఆవిడ తెచ్చి చూపించారు. "ఏటమ్మా, మూడుసార్లు ఉతికేసరికే ఇలగైపోనాది" అన్నారు, అదీ నెమ్మదిగా. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు. బట్ట అంచే జారిపోతుంటే కుట్టు ఎంత నున్నగా ఉండి ఏం లాభం?

తర్వాత ఒక నెల రోజులు పుస్తకంలో రాసుకున్నాను, నా టైం ఎటు పోతోందో. ఓవర్‌లాక్ (బట్ట అంచుని కత్తిరిస్తూనే పోగులు ఊడకుండా దారాలతో చుట్టి కుట్టడం) చేయించడానికి గంటస్తంభం వైపు 11 సార్లు వెళ్లాను, ఆటోకి రానూపోనూ 40 రూపాయలు, జాకెట్టుకి 15, పైగా అక్కడ కూర్చోవడం గంటకి తక్కువ కాదు. దసరా నుంచి సిరిమాను (మా పైడితల్లమ్మ పండగ) దాకా అయితే ఇచ్చి వచ్చేయడమే, మర్నాడు మళ్లీ వెళ్లాలి. ఇటు మిషన్ మీద చూస్తే, జాకెట్టులో ఉండేవన్నీ జానెడు జానెడు కుట్లే, మెడ దగ్గర, చంక దగ్గర ఎలాగూ నెమ్మదిగా తిప్పుకోవాలి, మిగతా టైమంతా కటింగ్‌కి, హెమ్మింగ్‌కి, హుక్కులకి పోతుంది. వేగం ఎక్కడ అక్కరకొస్తుంది? నైటీలు, లంగాలు, కర్టెన్లు కుట్టేవాళ్లయితే పవర్ మిషనే తీసుకోండి, పొడుగు కుట్లలో దాని సత్తా తెలుస్తుంది. జిగ్‌జాగ్ ఉన్న ఇంటి మిషన్ కూడా అంచు కుడుతుంది కానీ కత్తిరించదు, నెమ్మది, రోజుకి ఒకటో రెండో కుట్టుకునేవాళ్లకి చాలు.

అలా మూడు దారాల చిన్న ఓవర్‌లాక్ ఇంటికొచ్చింది. పాత మిషన్‌కి బెల్టు, బాబిన్ కేసు మార్పించి ఆయిల్ వేయించాను, కుట్టు మళ్లీ సమంగా పడుతోంది. ఓవర్‌లాక్ ఉంది కదా అని అది మానేయడానికి లేదు, జిప్పు, కాజా, పైకుట్టు ఏదీ ఓవర్‌లాక్‌తో అవదు.

మొదటి వారం ఏడిపించింది. దీనికి బాబిన్ ఉండదు, ఒక సూది, రెండు లూపర్లు (దారాన్ని అంచు చుట్టూ తిప్పే కొక్కేల్లాంటివి). లూపర్లకి దారం ఎక్కించాకే సూదికి ఎక్కించాలి. కింది లూపర్ దారం తెగితే సూది దారం కూడా తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే ఇంకోసారి తెగుతుంది. కోను మార్చేటప్పుడు పాత దారానికి కొత్తది ముడేసి లాగేయండి, సూది కన్నం దగ్గర మాత్రం ముడి కత్తిరించి విడిగా ఎక్కించుకోండి. ప్రతి రంగుకీ మూడు కోన్లు కొనక్కర్లేదు, సూది దారం బట్టకి దగ్గరగా ఉంటే చాలు, లూపర్లకి నేను క్రీము, నలుపు తప్ప వేరే వాడను.

అన్నిటికన్నా జాగ్రత్త మిషన్‌లో అంచు కత్తిరించే కత్తి దగ్గర. లూజు చేసుకోవడానికని సైడుల్లో బట్ట వదులుతాం కదా, చెయ్యి కొంచెం పక్కకి పోయిందంటే ఆ మార్జిన్ అంతా కత్తి తినేస్తుంది, తెగిన బట్ట తిరిగి రాదు. పోగులు మాత్రమే తెగేలా అంచుని కత్తికి ఆనించి పోనివ్వాలి. నేను పాత లంగా గుడ్డ మీద రెండు రోజులు ఇదే ప్రాక్టీసు చేశాను.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ ఇంట్లో మిగిలిన ముక్కలే పట్టుకెళ్లండి, ఖాదీ ఒకటి, జారే సిల్కు ఒకటి, లైనింగ్ ఒకటి. షాపులో చూపించే మందపాటి గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. సిల్కు అంచు ముడుచుకుపోతోందా, ఖాదీ పోగులు కుట్టు బయటికి వస్తున్నాయా చూసి, దారాలన్నీ తీసేయించి మీ చేత్తో మీరే ఒకసారి ఎక్కించండి.