పన్నెండు మందే

ఆగస్టులో ఓ శనివారం ఐదు కుటుంబాలం, మొత్తం పదిహేడు మందిమి, సియాటిల్ నుంచి తలాపస్ సరస్సుకి బయల్దేరాం. పెద్ద గిన్నెడు పులిహోర, ఆవకాయ జాడీ, బ్లూటూత్ స్పీకర్ అన్నీ సర్దుకున్నాం. వనభోజనాలంటే అంతేగా మరి.

ఐ-90 హైవే మీద 45వ ఎగ్జిట్ తీసుకుని, మట్టిరోడ్డెక్కి, కాలిబాట మొదలయ్యే చోట కార్లు ఆపాం. అద్దం ముందు ఫారెస్ట్ పాస్ పెట్టడం మావారి పని (రోజుకి 5 డాలర్లు, ఏడాదికైతే 30). బోర్డులు చదవడం మా తొమ్మిదేళ్ళ అమ్మాయి పని. మేమెవరం చదవం.

"అమ్మా, ఒక గ్రూప్‌లో ట్వెల్వ్ మందే ఉండాలట!"

నిజమే. ఆ బాట ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్‌లోకి పోతుంది. 1976లో చట్టం చేసి కాపాడుకుంటున్న అడవి అది. గుంపుకి పన్నెండు మించకూడదు, గుర్రాలు తెచ్చుకుంటే అవీ ఆ లెక్కలోకే వస్తాయి.

"విడివిడిగా నడిచి పైన కలుద్దాం, ఎవరు చూడొచ్చారు?" అన్నారెవరో. అబద్ధమెందుకు, నేనూ తలూపాను.

"కలిస్తే మళ్ళీ సెవెంటీనే కదా!" అంది పిల్ల. ఎవరూ మాట్లాడలేదు.

తెగ్గొట్టింది మా అత్తయ్యే. "నా మోకాళ్ళకి ఆ ఎత్తు ఎలాగూ పడదు. చిన్న నడక ఏదైనా ఉంటే చెప్పండి, వచ్చేవాళ్ళు నాతో రండి." పది మంది సరస్సుకి వెళ్ళారు. మేం ఏడుగురం 47వ ఎగ్జిట్ దగ్గరున్న ఫ్రాంక్లిన్ జలపాతానికి వెళ్ళాం. రానూపోనూ రెండు మైళ్ళే. జలపాతం దగ్గరపడేసరికి హైవే వంతెన నెత్తిమీదికొస్తుంది. "అడవికొచ్చినా లారీల మోత తప్పలేదే!" అని అత్తయ్య ముక్కున వేలేసుకుంది. చివర్లో తడిరాళ్ళు జారుతున్నాయి. మనవరాలి చెయ్యి వదల్లేదు.

తిరిగొస్తుంటే అత్తయ్య పిల్లని అడిగింది, "ఇందాక ట్వెల్వ్ అన్నావే, తెలుగులో చెప్పు." పిల్ల పది దాకా గడగడా చెప్పి ఆగిపోయింది. తప్పు నాదే, పది దాకే నేర్పి ఊరుకున్నాను. అక్కణ్ణుంచి దారి పొడవునా వేర్లూ రాళ్ళూ లెక్కపెట్టుకుంటూ నడిచారిద్దరూ.

సాయంత్రం నార్త్ బెండ్ అనే ఊళ్ళో ఓ పార్కులో అందరం కలిశాం. స్పీకర్ కారులోనే ఉండిపోయింది. పేపర్ ప్లేట్లు పంచే పని మా అమ్మాయే తీసుకుంది, ఒక్కొక్కరికీ ఇస్తూ పైకే లెక్కపెట్టింది. పద్నాలుగు దగ్గర తడబడింది. నానమ్మ పెదవులు కదిపింది. పదిహేను, పదహారు, పదిహేడు.